జేమ్సు పార్కిన్సను చరిత్రము

మన బన్సీలాల్‌పేట మెట్లబావికి సమీపమున నొక సందులో కొన్ని యేండ్ల క్రిందట ఒక వృద్ధోపాధ్యాయుడు కాపురముండెను. ఆయన బాల్యమున మాకు చేవ్రాత నేర్పిన గురువు. ఉద్యోగము విరమించిన పిదప ఆయన మాకు అప్పుడప్పుడు జాబులు వ్రాయుచుండెడివాడు. మొదటి జాబులలో అక్షరములు ముత్యముల కోవవలె నుండెను. క్రమక్రమముగా నవి చిన్నవై, పంక్తి తుదకు వచ్చునప్పటికి చీమల బారువలె కనబడజొచ్చెను. కాగితము పొదుపు చేయుచున్నారు కాబోలునని మేము నవ్వుకొంటిమి. మఱికొంత కాలమునకు ఆయన నడచునప్పుడు కుడిచేయి ఊగుట మానెను. ముఖమున చిఱునవ్వు తగ్గెను. అదియు వార్ధక్య లక్షణమే యనుకొంటిమి. ఆయన ముందునకు వంగి, చిన్న చిన్న యడుగులతో పరుగువంటి నడక నడచుట చూచి, సందులోని పిల్లలు కొందఱు ఆ నడకను అనుకరించి నవ్వుచుండిరి. తుదకు చేయి వణకసాగిన పిమ్మటగాని వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెనను తలంపు మాలో నెవ్వరికిని కలుగలేదు. వైద్యుడు కొలదిసేపు చూచినంతనే రోగము పేరు చెప్పి, మొదటి గుఱుతు లెప్పుడు కనబడినవని యడిగెను. మేము ఇంటనున్న జాబుల కట్టను తలంచుకొని సిగ్గుపడితిమి. ఆ కట్టలో మూడు సంవత్సరముల రోగచరిత్ర యంతయు వ్రాయబడియే యుండెను. చదువు చెప్పువారమయ్యును మేము దానిని చదువలేకపోతిమి.

ఆ రోగమునకు పార్కిన్సను వ్యాధి యని పేరు. ఆయుర్వేదమున కంపవాతమని చెప్పబడునది దీనిని పోలియుండును. ప్రపంచారోగ్య సంస్థవారు 2019 సంవత్సరమునకు వేసిన లెక్కప్రకారము లోకమున 85 లక్షలకు పైగా జనులు ఈ వ్యాధితో జీవించుచుండిరి. దీనికి తన పేరిచ్చిన పురుషుడు గొప్ప యాసుపత్రికి అధిపతి కాడు. విశ్వవిద్యాలయ పండితుడును కాడు. పేదలు నివసించు పేటలో మందులిచ్చి జీవించిన యొక సామాన్య వైద్యుడు. మనము చూచియు చూడని దానిని ఆయన వీథిలో నిలిచి చూచెను. కాబట్టి ఆయన చరిత్రమును మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును వినిపింప సంకల్పించితిమి.

జేమ్సు పార్కిన్సను 1755 సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన లండను నగర సమీపమునందలి హాక్స్‌టను అను పేటలో జన్మించెను. అతని తండ్రి జాను పార్కిన్సను ఔషధములు కలిపి యిచ్చుచు, రోగులను చూచుచు, చిన్న శస్త్రచికిత్సలు చేయుచు జీవనము గడపుచుండెను. ఆ కాలమున గొప్ప వైద్యులు ధనికుల యిండ్లకు పోవుచుండగా, పేదలకు ఇట్టివారే దిక్కు. బాలుడు తండ్రి దుకాణముననే ఆ విద్యకు ఓనమాలు దిద్దెను. మందు నూఱుట, తూచుట, తండ్రితో కూడ రోగుల యిండ్లకు పోవుట, మంచము ప్రక్కను నిలిచి వారి మాట వినుట – ఇదియే ఆయన పాఠశాల. 1776లో లండను ఆసుపత్రియందు కొన్ని మాసములు విద్యార్థిగా నుండెను. 1784లో శస్త్రవైద్యుడుగా అనుమతి పొందెను. తండ్రి వైద్యము చేసిన పేటలోనే కుమారుడు, కుమారుని వెనుక మనుమడు వైద్యము చేయుట ఆ కుటుంబపు వాడుక. తాను బాప్తిస్మము పొందిన షోర్‌డిచ్ సెయింటు లెనార్డు దేవాలయముననే ఆయన వివాహమాడెను. తుదకు అచ్చటనే సమాధి చేయబడెను. ఆయన జీవితమంతయు నొక్క గంట శబ్దము వినబడునంత దూరములోనే గడచినదనవచ్చును.

యౌవనముననే ఆయన మనస్సెట్టిదో తెలుపు సంగతి యొకటి కలదు. ఆ పేటలో నొకడు నిరాశచేత ఉరివేసికొనగా, ప్రాణము పోయినదని చుట్టునున్నవారు తలంచిరి. తండ్రి కొడుకులు ఇద్దఱును అచ్చటికి పరుగెత్తి, ఓర్పుతో శ్వాస నిలిపి ఆతని బ్రదికించిరి. ఇందుకుగాను 1777లో ప్రాణరక్షణార్థము స్థాపింపబడిన యొక సంఘమువారు ఆ యువకునికి వెండిపతకము నిచ్చిరి. ఆశ లేదని పదిమంది చెప్పిన చోటనే మఱియొకసారి పరికించి చూచుట ఆయనకు నాడే యలవడెను.

1785లో ఆయన జాను హంటరు అను ప్రఖ్యాత శస్త్రవైద్యుని యుపన్యాసములు వినబోయెను. ఆయనకు సంక్షేపలిపి వచ్చును. అందుచేత గురువు నోట వెలువడిన మాటలను వెలువడినట్లే వ్రాసికొనెను. ఆ వ్రాతలను ఆయన మరణానంతరము కుమారుడు 1833లో ముద్రించెను. వైద్యవిద్యార్థులు ప్రకృతిశాస్త్రమును, భాషలను నేర్చుటయే కాక సంక్షేపలిపిని కూడ నేర్వవలెనని ఆయన పిమ్మట నొక పుస్తకమున ఉపదేశించెను. చూచినదానిని చూచిన దినముననే వ్రాసియుంచని వానికి జ్ఞాపకము మోసము చేయునని ఆయన యెఱుగును. మన విద్యార్థులు విజ్ఞానశాస్త్రపు ప్రయోగములను చేసిన మఱునాడు ఊహించి వ్రాయుట కద్దు. వారీ సంగతిని మనస్సున నుంచుకొందురుగాక.

ఆయన నివసించిన కాలము కల్లోలకాలము. 1789లో ఫ్రాన్సు దేశమున విప్లవము పుట్టెను. ఇంగ్లండులో నాడు కొలదిమందికి మాత్రమే ఓటు హక్కు ఉండెను; పేదల మాట పార్లమెంటు తలుపు దాటి లోపలికి పోవుట దుర్లభము. పార్కిన్సను రాజ్యాంగ సంస్కారమును కోరిన లండను ఉత్తరప్రత్యుత్తర సంఘమున చేరెను. ముదుసలి హ్యూబర్టు అను మాఱుపేరుతో చౌక కరపత్రములు వ్రాసెను. రక్తము చిందకుండ సంస్కారమే జరుగవలెననియు, తిరుగుబాటుకన్న దిద్దుబాటు మేలనియు ఆయన మతము. 1794లో మూడవ జార్జిరాజును విషపు బాణముతో చంపుటకు కుట్ర జరిగినదని పుకారు పుట్టి, ఆయన స్నేహితులు కొందఱు బంధింపబడిరి. వారి పక్షమున సాక్ష్యము చెప్పుటకు ఆయన తానుగా ముందునకు వచ్చి, ప్రధానమంత్రి విలియం పిట్టు మొదలగువారు కూర్చున్న మంత్రాలోచన సభయెదుట ప్రమాణము చేసి నిలిచెను. తాను సంఘసభ్యుడననియు, ఆ కరపత్రములు వ్రాసినది తానేననియు దాచలేదు. ఒక్క మాట తప్పినచో ఉరికంబ మెక్కవలసిన కాలమది. ఇంట భార్యయు చిన్నబిడ్డలును ఉండిరి. అయినను మిత్రులను విడువలేదు. తుదకు ఆ కుట్ర ఋజువు కాక ముద్దాయిలు విడువబడిరి. ఆయన హాక్స్‌టనులోని తన దుకాణమునకు మరలిపోయి, యథాప్రకారము రోగులను చూచుకొనెను.

రాజకీయములనుండి తొలగిన వెనుక ఆయన తన కలమును పేదల యారోగ్యమునకు వినియోగించెను. 1799లోను 1800లోను గృహస్థులకును పల్లెవాసులకును సులభమైన మాటలలో వైద్యగ్రంథములు వ్రాసెను. ఎట్టి రోగమునకు ఇంటిమందు చాలును, ఎట్టిదానికి జాగు సేయక వైద్యుని పిలువవలెను అనునదియే వాని సారాంశము. పిల్లలు నిప్పుతోను, నీటితోను, ఎత్తు ప్రదేశములతోను చెలగాటమాడి యెట్లు చెడిపోవుదురో తెలుపుచు, వారికొఱకే యొక చిన్న కథాపుస్తకమును కూర్చెను. తాను వాతరక్త రోగముచే బాధపడుచు, 1805లో ఆ రోగమును గూర్చి గ్రంథము వ్రాసెను. 1812లో కుమారునితో కలిసి, ఉండుకము చిల్లిపడి మరణించిన యొక బాలుని సంగతి ప్రకటించెను. అట్టి మరణకారణమును గుర్తించి ఇంగ్లీషు భాషలో ప్రకటించిన తొలి వ్రాతలలో నిది యొకటి.

హాక్స్‌టనులో మతిభ్రమణము చెందినవారిని ఉంచు గృహములు పెక్కు లుండెను. అట్టి గృహమొకదానికి ఆయన వైద్యుడు. ఒక స్త్రీని అన్యాయముగా నిర్బంధించిరని పుట్టిన వ్యవహారమున ఆయనయు నిందపాలయ్యెను. ఆయన 1811లో ఆ గృహములను గూర్చి యొక పుస్తకము ప్రకటించి, రోగులకును వారిని చూచువారికిని రక్షణగా మంచి చట్టము కావలెనని వాదించెను. పేదల సత్రములో విషజ్వరము వ్యాపించినప్పుడు తండ్రి కొడుకులు అచ్చటి రోగులకు చికిత్స చేసిరి. జ్వరరోగులను వేఱుగా నుంచుటకు ప్రతి పేటలోను ప్రత్యేక గదులు కట్టవలెనని 1818లో ఆయన విన్నవించెను.

ఇన్ని పనుల నడుమ ఆయనకు ఒక వినోదము కలదు. అది రాళ్లలో నిలిచిపోయిన పూర్వ జీవుల యవశేషములను ఏఱుకొనుట. వాటిని గూర్చి 1804, 1808, 1811 సంవత్సరములలో మూడు సంపుటముల గొప్ప గ్రంథము వెలువరించెను. 1807 నవంబరు 13వ తేదీన లండనులో భూగర్భశాస్త్ర సంఘమును స్థాపించిన పదుమువ్వురిలో ఆయన యొకడు. ఒక జాతి ప్రాచీన శంఖపు రాయికి ఆయన పేరు నిలిచినది. ఆయన జీవితకాలమున లోక మాయనను శిలాశాస్త్రవేత్తగానే యెఱిగినది. 1823లో లండను శస్త్రవైద్య కళాశాలవారు తమ బంగారు పతకము నాయనకు సమర్పించిరి. నేడు వైద్యులెల్లరు స్మరించు పుస్తకము మాత్రము అప్పటికే అచ్చయి ఎవ్వరి కంటను పడక యుండెను.

ఆ పుస్తకము 1817లో ప్రకటింపబడిన వణుకు పక్షవాతమును గూర్చిన వ్యాసము. మొత్తము 66 పుటలు, అయిదు ప్రకరణములు. అప్పటి కాయనకు 62 సంవత్సరములు. అందు ఆయన వర్ణించిన రోగు లాఱుగురు మాత్రమే. ఈ యాఱుగురిని ఆయన యెట్లు చూచెనో విద్యార్థులు శ్రద్ధగా వినవలెను. మొదటివాడు యేబదియేండ్లు దాటిన తోటమాలి; మితాహారి, మద్యమెఱుగడు. ఆతనికి ఎడమచేయి మొదట వణకినది. కొన్ని దినములు ఆ చేతికి శ్రమ కలిగిన పని చేయుటయే కారణమని ఆతడు నమ్మెను. రెండవవాడు వీథిలో తటస్థపడిన 62 యేండ్లవాడు, న్యాయాధికారి కార్యాలయమున బంట్రోతు. మూడవవాడును వీథిలోనే కనబడెను. 65 యేండ్ల పూర్వపు నావికుడు. స్పెయిను దేశపు చెఱసాలలో తడినేలపై పండుకొనుటచే రోగము వచ్చినదని ఆతని తలంపు. నాలుగవవాడు 55 యేండ్ల వాడు, వేఱొక బాధకై చికిత్స పొందుటకు రాగా ఆయన వణుకును గమనించెను. అయిదవవానిని దూరమునుండి చూచుట తప్ప మాటలాడుట కూడ తటస్థింపలేదు. ఆఱవవాడు 72 యేండ్ల వృద్ధుడు. అతనికి నడుమ పక్షవాతము వచ్చి ఒక ప్రక్క పడిపోగా, ఆ ప్రక్కన వణుకు నిలిచి, బలము మరలివచ్చినప్పుడు వణుకును మరల వచ్చెను.

ఈ యాఱుగురి వృత్తులు వేఱు, ఆహారము వేఱు, తమకు రోగమెట్లు వచ్చినదో చెప్పిన కారణములు వేఱు. వేఱువేఱుగా చూచినవారికి ఒకడు తాగుబోతనియు, ఒకడు ముసలివాడనియు, ఒకడు బలహీనుడనియు తోచియుండును. పార్కిన్సను వారిని తన మనస్సున ఒక్క వరుసలో నిలిపి చూచెను. అప్పుడు ఒకే రోగము అందఱియందును ఒకే త్రోవను నడచుచున్నట్లు కనబడెను. అవయవము పనిలేక యూరకున్నప్పుడు వణకును, పనిలో ప్రవేశింపగానే తగ్గును. ఒక చేతిలో మొదలై, కొంతకాలమునకు రెండవ చేతికిని కాళ్లకును పాకును. దేహము ముందునకు వంగును. నడచుచున్నవాడు తనకు తెలియకయే పరుగులో పడును. తరువాత వ్రాత చెడును, ముద్ద నోటికి చేర్చుట కష్టమగును, మలబద్ధము కలుగును, నిద్ర చెడును, మాట స్పష్టత తప్పును, లాలాజలము జారును. ఒక రోగి ముందు సేవకుడు నిలిచి భుజములపై చేతులు వేసి, సమతూకము కుదిరిన పిదప తాను ప్రక్కకు తొలగి ముందునకు పరుగెత్తి, రోగి పడకుండ పట్టుకొనుటకు సిద్ధముగా నుండుటను ఆయన చిత్రమువలె వర్ణించెను. ఇంద్రియములును బుద్ధియు చెడవనియు ఆయన వ్రాసెను. ఈ యొక్క విషయమున మాత్రము తరువాతి పరిశోధకులు ఆయన మాటను సవరించిరి. కొందఱు రోగులకు కాలక్రమమున జ్ఞాపకశక్తియు మనస్సును బాధింపబడునని నేడు తెలిసినది.

ఆయన గమనించిన వానిలో అన్నిటికన్న ముఖ్యమైన దొకటి కలదు. ఈ రోగము దొంగవలె వచ్చును. ఎంత మెల్లగా వచ్చుననగా, ఎప్పుడు మొదలైనదని యడిగినచో రోగి చెప్పలేడు. ఈ మాట చదివినప్పుడు మాకు మా గురువుగారి జాబుల కట్ట జ్ఞప్తికి వచ్చినది.

కారణమును గూర్చి వ్రాయునప్పుడు ఆయన చూపిన నిజాయితీ అనుకరణీయము. మృతదేహమును పరీక్షించు నవకాశము తనకు కలుగలేదనియు, అందుచే తన మాట యూహ మాత్రమే యనియు పీఠికయందే ఒప్పుకొనెను. మెడలోని వెన్నుపాము పైభాగమున లోపముండి, అది మెదడు అడుగుభాగమువైపు ప్రాకుచుండవచ్చునని ఊహించెను. చికిత్సగా ఆ కాలపు పద్ధతినే, మెడ వెనుక రక్తము తీయుటను, పొక్కులు లేపు మందును సూచించెను. అది ఫలించు చికిత్స కాదని నేడు మన మెఱుగుదుము. అయితే రోగకారణము తెలియకుండ కడుపులోనికి మందులు పోయుట న్యాయము కాదని కూడ ఆయన హెచ్చరించెను. ఇతర వైద్యులు దేహములను పరీక్షించి తన తప్పులను దిద్దవలెనని వేడుకొనెను. రోగమును పూర్తిగా కుదుర్చలేకపోయినను, అది ముందునకు పోకుండ నిలుపు మార్గమైనను త్వరలో దొరకునని ఆశించెను.

1824 డిసెంబరు 21వ తేదీన ఆయన పక్షవాతముచే మాట పడిపోయి మరణించెను. ఆయన చిత్రపటము నమ్మదగినది ఒక్కటియు లేదు. ఆయన పేరిట నక్కడక్కడ కనబడు ఛాయాచిత్రములు ఇతరులవి. ఆయన మరణించునాటికి మనుష్యుల ఛాయాచిత్రము తీయు విద్యయే పుట్టలేదు. మాంటెల్లు అను శిలాశాస్త్రవేత్త తన చిన్ననాట ఆయనను చూచి, పొట్టివాడనియు, చురుకైన ముఖము గలవాడనియు, మృదుస్వభావుడనియు వ్రాసియుంచెను. ఇంతమంది రూపములను అక్షరములలో నిలిపినవాని రూపము మనకు ఈ నాలుగు మాటలలోనే మిగిలినది.

ఆయన పుస్తకమును మఱుగుననే పడెను. మన బన్సీలాల్‌పేట మెట్లబావి యెన్నో యేండ్లు చెత్తతో పూడి, దాని క్రింద నీరున్న సంగతియే జనులు మఱచియుండిరి. చెత్త తీసి, మెట్లు కడిగి, 2022లో దానిని మరల తెఱచినప్పుడు ఊరివారాశ్చర్యపడిరి. ఆ వ్యాసము గతియు నిట్లే యయ్యెను. దానిని వెలికి తీసినవాడు ఫ్రాన్సు దేశీయుడైన షార్కో అను వైద్యుడు. ఆయన పారిసులోని సాల్పెట్రియేరు ఆసుపత్రిలో 1860 తరువాతి సంవత్సరములలో అనేక రోగులను పరీక్షించి, అందఱును వణకరనియు, అవయవములు నిజముగా బలము కోల్పోవనియు, కదలిక మందగించుటయే ముఖ్య లక్షణమనియు చూపెను. కాబట్టి వణుకు పక్షవాతమను పేరు తగదనియు, మొదట వర్ణించిన పార్కిన్సను పేరే యుంచవలెననియు ఆయన నిర్ణయించెను. పరదేశీయుడిట్లు న్యాయము చేయు వఱకు స్వదేశము ఆయనను తలంపలేదు.

ఇక పార్కిన్సను వేడుకొన్న పని యెంతవఱకు నెరవేరినదో చూతము. 1912లో ఫ్రెడరిక్ లూయీ అను పండితుడు ఈ రోగులు మరణించిన పిదప మెదడు కణములలో గుండ్రని కణికలను కనిపెట్టెను. 1919లో ట్రెత్యాకోవ్ అను యువ వైద్యుడు పారిసులో సమర్పించిన గ్రంథమున, మెదడు మధ్యభాగమునందలి నల్లని పొర యీ రోగులలో క్షీణించుచున్నదని చూపెను. అచ్చటి కణములు డోపమిను అను రసాయనమును తయారుచేయును. మన కదలికలు సాఫీగా సాగుటకు అది యావశ్యకము. 1957లో స్వీడను దేశమున కార్ల్‌సను అను శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు రిసర్పిను ఇచ్చి, అవి కదలక పడియుండగా, లెవోడోపా అను పదార్థమిచ్చి వాటిని మరల లేపెను. ఈ కృషికి ఆయన 2000 సంవత్సరమున నోబెలు బహుమానమును పంచుకొనెను. 1960లో వియన్నా నగరమున ఎహ్రింగరు, హోర్నికీవిచ్ అనువారు రోగుల మెదళ్లలో డోపమిను మిక్కిలి తగ్గియుండుట కనిపెట్టిరి. 1967లో అమెరికాలో కొట్జియాసు అను వైద్యుడు లెవోడోపాను కొంచెము కొంచెముగా పెంచుచు నోటిద్వారా ఇచ్చి, మంచమున పడియున్నవారిని నడిపించెను. నేటికిని ఆ మందే ఈ చికిత్సకు మూలస్తంభము.

ఈ కథలో మన దేశపు నేలకును పాలు కలదు. పైని చెప్పిన రిసర్పిను సర్పగంధి వేరునుండి 1952లో తీయబడినది. లెవోడోపా మన చేల గట్లమీద ప్రాకి, తాకినవారిని దురదతో గంతులు వేయించు దూలగొండి గింజలలో కలదు. 1937లో మదరాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు ఆ గింజలనుండి దానిని వేఱు చేసి లోకమునకు తెలిపిరి. అప్పటికి అది రోగుల నిట్లు లేపునని ఎవ్వరు నెఱుగరు. అయితే ఎవ్వరును స్వయముగా ఆ గింజలను తినరాదు. గింజ గింజకును మందు మోతాదు మాఱుచుండును. వైద్యుని యనుమతి లేనిదే ఔషధమును విషమును ఒకటే.

రోగకారణమును గూర్చి యింకను నిశ్చయము కుదురలేదు. 1982లో అమెరికా దేశమున కల్తీమత్తుమందు వాడిన యువకులు కొందఱు కొలది దినములలోనే శిలలవలె బిగుసుకొనిపోయిరి. బయటి విషమొకటి ఆ నల్లని పొరను నాశనము చేయగలదని దానివలన తెలిసినది. కొన్ని పురుగుమందుల సంపర్కము ఎక్కువగా గలవారిలో ఈ రోగము అధికమని పరిశోధనలు సూచించుచున్నవి. పొలములలో మందు చల్లు మన బంధువులు ముఖమునకు గుడ్డయు చేతులకు తొడుగులును లేక ఆ పని చేయరాదు. 1997లో కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చు దోషమొకటి కనుగొనబడి, లూయీ చూచిన కణికలు ఆల్ఫాసైన్యూక్లియిను అను మాంసకృత్తు ముద్దలని తెలిసినది. 2003లో జర్మను శాస్త్రజ్ఞుడు బ్రాక్ ఈ మార్పులు వాసన గ్రహించు భాగమునను, మెదడు కాండపు అడుగునను మొదలై పైకి ప్రాకునని ప్రతిపాదించెను. అందఱు రోగులయందును ఇట్లే జరుగునని పండితులు ఒప్పుకొనరు. అయినను పార్కిన్సను ఊహించిన చోటునకు ఇది యెంత సమీపమో చూడుడు.

అయితే ఆయన యాశలలో ఒకటి మిగిలియేయున్నది. లెవోడోపా బాధను తగ్గించును. మెదడులో సన్నని తీగ నుంచి విద్యుత్తు ప్రసరింపజేయు శస్త్రచికిత్స 1987 మొదలుకొని తగిన రోగులకు తోడ్పడుచున్నది. నిత్య వ్యాయామము మేలుచేయును. కాని రోగపు నడకను నిలుపునని ఋజువైన మందు నేటికిని లేదు. చేయి వణకునాటికే ఆ నల్లని పొరలో చాలభాగము నశించియుండుటయే యిందుకొక హేతువు. కావుననే నేడు పరిశోధకులు వణుకుకు ముందున్న సంవత్సరములను వెదకుచున్నారు. వాసన తెలియకపోవుట, నిద్రలో కలకు తగినట్లు కేకలువేసి కాలుచేతులు విసరుట, మలబద్ధము – ఇవి యెన్నో యేండ్ల ముందే కనబడవచ్చును. వెన్నునీటిలో ఆల్ఫాసైన్యూక్లియిను జాడను పట్టు పరీక్ష యొకటి 2023లో ప్రకటింపబడిన విస్తృత పరిశోధనలో మంచి ఫలితము నిచ్చినది. ఇందులో ఏదో యొక గుఱుతు కనబడినంతనే భయపడవలదు. ఇతర కారణములచేతను ఇవి కలుగును. కాని వ్రాత చిన్నదగుట, ఒక చేయి ఊగకుండుట, గొంతు సన్నగిల్లుట, ముఖము బిగియుట కూడ తోడైనచో, నరముల వైద్యుని చూచుటకు ఆలస్యము చేయరాదు. మన పేట ప్రక్కనే గాంధీ ఆసుపత్రి యున్నది; పంజగుట్టలో నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. దూరమను సాకు మనకు లేదు.

ఈ సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమి జాడను చూచెను. ఆయనకు సూక్ష్మదర్శిని యుండెను. పార్కిన్సనుకు కన్నులును, ఓర్పును, ఒక కలమును మాత్రమే యుండెను. ఈ మూడును మన పాఠశాలలోని ప్రతి బాలునికిని బాలికకును కలవు.

మా గురువుగారు మందు మొదలుపెట్టిన కొన్ని మాసములకు మాకు మఱియొక జాబు వ్రాసిరి. పూర్వపు ముత్యములు కావు గాని, తుద వఱకు చదువనయ్యెను. ఆయన నడకను వెక్కిరించిన పిల్లలలో నొకడు, సంగతి తెలిసిన పిమ్మట, ప్రతి సాయంకాలము ఆయన చేయి పట్టుకొని మెట్లబావి వఱకు నడిపించుచుండెను. అడుగు నిలిచిపోయినప్పుడు ఒకటి, రెండని లెక్కపెట్టిన యెడల అడుగు మరల సాగునని ఆ బాలుడే కనిపెట్టెను. వైద్యులును ఆ యుపాయమును చెప్పుదురని వానికి తెలియదు. వాడు చూచి నేర్చుకొనెను.

ఏటేట పార్కిన్సను పుట్టిన ఏప్రిలు 11వ తేదీని లోకమంతట ఈ వ్యాధిగ్రస్తుల దినముగా జరుపుచున్నారు. అది మన విద్యార్థులు వేసవి సెలవుల కెదురుచూచు కాలము. ఆ దినమున ప్రతి విద్యార్థియు ఒక చిన్న నోటుపుస్తకము తీసికొని, ఇంటనున్న తాతగారిచేతను నాయనమ్మచేతను అమ్మమ్మచేతను వారి పేరును ఆ నాటి తేదీని వ్రాయించి దాచవలెనని మా కోరిక. వ్రాత రానివారిచేత ఒక చుక్కల ముగ్గు వేయింపుడు. మఱుసటి యేడు మరల అట్లే చేసి, రెండు పుటలను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. మేము చదువలేకపోయిన దానిని మీరు చదువుదురుగాక.